బహుమతి కోడెయు, బాలుని కన్నీరును

అమెరికా సంయుక్త రాష్ట్రముల పల్లెసీమలలో వేసవి ముగియుటకు ముందు అనేక జిల్లాలయందు ఒక్కొక్క ప్రదర్శనము జరుగును. దానిని వారు 'కౌంటీ ఫెయిరు' అందురు. గుమ్మడికాయలు, తేనె, కుట్టుపనులు, ఊరుగాయలు, పందులు, గొఱ్ఱెలు, కోళ్లు అన్నియు అచ్చటికి వచ్చును. అయినను జనులు గుమిగూడి చూచునది కోడెల ప్రదర్శనము. పండ్రెండేండ్ల బాలుడో బాలికయో తనకంటె పదునైదు రెట్లు బరువుగల పశువును ఒక్క సన్నని త్రాటితో నడిపించుకొని వచ్చి, దానిని కదలకుండ నిలువబెట్టి, పరీక్షకుని వంక చూచుచు నిలుచుండుట నిజముగా చూడదగిన దృశ్యమే. మఱునాడో రెండు దినములకో ఆ కోడె వేలమున అమ్ముడుపోయి, లారీ యెక్కి, కబేళాకు పోవును. త్రాడు మాత్రము బిడ్డ చేతిలో మిగులును. అప్పుడా బిడ్డ యేడ్చును.

ఈ కన్నీటిని గూర్చియే మేము కొంత వ్రాయదలచితిమి. అది పరదేశపు టాచారము గదా, మనకేల యని మా విద్యార్థులును వారి తలిదండ్రులును అడుగవచ్చును. పిల్లలచేత ఒక ప్రాణిని పెంపించి, దానిని ప్రేమింపనిచ్చి, పిమ్మట వధకు అమ్మించుట విద్యయా, క్రౌర్యమా అను ప్రశ్న ఏ దేశమునకును పరాయిది కాదు. పిల్లలకు చదువు చెప్పి బ్రతుకు మా వంటివారికి అసలే కాదు.

ముందు ఈ ఏర్పాటు ఎట్లు పుట్టినదో చెప్పవలయును. 1902వ సంవత్సరమున ఒహాయో రాష్ట్రమున స్ప్రింగ్‌ఫీల్డు ప్రాంతములో ఏ. బి. గ్రాహాము అను పాఠశాలాధికారి పల్లె బాలబాలికలను చేర్చి ఒక సంఘమును స్థాపించెను. మొక్కజొన్న పండించుట, తోటలు వేయుట, మన్ను పరీక్షించుట వారి పని. ఆ కాలమున వ్యవసాయ కళాశాలలు కనుగొన్న క్రొత్త పద్ధతులను పెద్దరైతులు అంత త్వరగా నమ్మెడివారు కారు. పిల్లలు చేసి చూపగా తండ్రులు కన్నులార చూచి నేర్చుకొనిరి. (పిల్లలు తండ్రులకు గురువులగుట అన్ని దేశములలోను జరుగునదే, తండ్రులు ఒప్పుకొనుట మాత్రము అరుదు.) 1914లో అమెరికా శాసనసభ స్మిత్-లీవరు చట్టమును చేసి, కళాశాలల విద్యను పల్లెలకు కొనిపోవుటకు ధనము కేటాయించెను. పిల్లల సంఘములు ఆ ఏర్పాటులో చేరినవి. తల, హృదయము, చేతులు, ఆరోగ్యము అను నాలుగు మాటలును ఇంగ్లీషున 'హెచ్' అను నక్షరముతో ఆరంభమగును గనుక ఆ సంఘములకు '4-హెచ్' అను పేరు స్థిరపడెను. 1928లో ఉన్నతపాఠశాలల వ్యవసాయ విద్యార్థులకై కాన్సాసు సిటీ నగరమున ఎఫ్. ఎఫ్. ఏ. అను మఱియొక సంఘము వెలసెను. దూడను కొనుటకు పిల్లలకు అప్పిచ్చిన బ్యాంకులు కూడ ఆ తొలిదినములలో ఉండెను. నేడు 4-హెచ్ నందు సుమారు 60 లక్షలమంది పాల్గొనుచున్నారని దాని నిర్వాహకులు చెప్పుదురు. వారిలో పశువులను పెంచువారు కొందఱే. మిగిలినవారు వంట, కుట్టు, యంత్రములు మొదలగువానిని నేర్చుకొందురు.

హృదయము అను మాట ఆ నాలుగింటిలో నొకటి యని మాత్రము చదువరులు మఱువకుందురు గాక.

ఇక కోడెను పెంచు విధము. సామాన్యముగా అక్టోబరు, నవంబరు మాసములలో పాలు మాన్పించిన దూడను పిల్లవాడు ఎన్నుకొనును. అప్పటికి దాని వయస్సు ఆఱు మొదలు ఎనిమిది మాసములు. బరువు ఐదాఱు వందల పౌనులు. చిన్ననాడే దానికి విత్తుకొట్టుదురు. అట్టి కోడెనే వారు 'స్టీరు' అందురు. మన పల్లెలలో విత్తుకొట్టిన కోడె కాడికి పోయెడిది. అచ్చట కాడి లేదు, ట్రాక్టరు కలదు. స్టీరునకు మాంసమగుట తప్ప వేఱు గతి లేదు. నల్లని ఆంగసు జాతి, ఎఱ్ఱని మేనును తెల్లని మొగమును గల హియర్‌ఫర్డు జాతి, షార్ట్‌హార్ను జాతి, వీని సంకరములు ఎక్కువగా కనబడును.

ఆ దూడ బయలు మేతలో తల్లివెంట తిరిగినది. మనుష్యుని చేయి దానిమీద పడి యుండదు. దానికి తలత్రాడు తగిలింతురు. మన ముకుత్రాడువలె ముక్కు కుట్టి యెక్కించునది కాదది. చెవుల వెనుకనుండియు మూతి చుట్టును వచ్చి గడ్డము క్రింద బిగియును. మొదటి దినములలో దానిని గట్టి స్తంభమునకు కొంతసేపు కట్టివేసి, పిల్లవాడు ప్రక్కనే యుండి దువ్వుచు, మెల్లగా మాటలాడుచు నుండును. దూడ గింజుకొనును, తన్నబోవును, అఱచును. పిదప నీళ్లతొట్టి వఱకు నడిపింతురు. ఏలయనగా దప్పిగొన్న దూడ అటు పోవుటకు తానే యిష్టపడును. నలువది కిలోల బిడ్డ రెండువందల యేబది కిలోల పశువును లాగి గెలువజాలదు. కావున పిల్లవాడు నేర్చుకొనవలసినది లాగుట కాదు, వదలుట. దూడ మొరాయించినప్పుడు త్రాడు బిగియును. అది ఒక్క అడుగు ముందుకు వేసిన తక్షణమే త్రాడు సడలవలయును. ఆ సడలుటయే దానికి పాఠము. త్రాడు సడలుట ఒక్క నిముసము ఆలస్యమైనచో దూడకు ఆ పాఠము అర్థము కాదు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మేము చదివిన గ్రంథములలో ఈ సంగతి ఇంత స్పష్టముగా చెప్పినది మాకు జ్ఞప్తికి రాదు. బెత్తమును వదలుట యెఱుగని ఉపాధ్యాయులు కొందఱు ఒక మాసము దూడలకు నడక నేర్పినచో వారి తరగతులు బాగుపడునని మా నమ్మకము.

తరువాత పది మాసములు దినమునకు రెండు పూటలు చాకిరి. తెల్లవాఱకముందే లేచి దాణా పెట్టవలయును. నలిపిన మొక్కజొన్న, బార్లీ, ఓట్సు, ఎండుగడ్డి. ధాన్యమును ఒక్కసారి పెంచరాదు. పెంచినచో కడుపుబ్బి పశువు చచ్చిపోవచ్చును. కాబట్టి తూచి పెట్టవలయును, మిగిల్చినదెంతో చూడవలయును. బాగుగా పెరుగు కోడె దినమునకు మూడు పౌనుల చొప్పున బరువెక్కును. ప్రదర్శనము నాటికి 1,300 పౌనులు, అనగా దాదాపు 590 కిలోలు తూగును. వెండ్రుకలు ఒత్తుగా పెరుగుటకై చల్లని నీటితో కడిగి, గాలియంత్రముతో ఆరబెట్టి, పైకి దువ్వుదురు. ఎండలో నుంచరు, పంకాలు పెట్టుదురు. ఐదడుగుల పొడవుగల యొక కఱ్ఱతో దాని కాళ్లను సరియైన చోట పెట్టుట నేర్పుదురు. ఆ కఱ్ఱ కొననే కడుపుక్రింద గీరినచో కోడె సుఖముతో కన్నులు సగము మూసి కదలక నిలుచును. పెట్టిన ప్రతి పైసకును లెక్క వ్రాయవలయును: దూడ వెల, దాణా, మందు, పశువైద్యుడు, చివర అమ్మకపు ధర.

లెక్క పుస్తకములో చేరని విషయము మఱియొకటి జరుగుచుండును. కోడె ఆ బిడ్డ అడుగుల చప్పుడును గుర్తించును. కొట్టము తలుపు తెఱచుసరికి లేచి నిలుచును. గరుకునాలుకతో చొక్కా నాకును. పండుకొనియున్న కోడె ప్రక్కటెముకలకు తల ఆనించి పిల్లలు నిద్రించుచుందురు. ప్రదర్శనశాలలలో ఇది సాధారణముగా కనబడు దృశ్యము. మొదట భయపడిన ప్రాణి భయము మాని తనను నమ్మినదని బిడ్డ యెఱుగును. ఈ నమ్మకము ప్రమాదవశమున కలిగినది కాదు. నమ్మని కోడెను నడిపింపలేరు. నడవని కోడెకు బహుమతి లేదు. అనగా ఆ శిక్షణకు ప్రేమయే పనిముట్టు. ప్రేమింపవలదని ముందే చెప్పియుంటిమి గదా యని పెద్దలు చివర అనుట న్యాయము కాదనుటకు ఇదియే కారణము.

ప్రదర్శనమును గూర్చి ఎక్కువ వ్రాయబనిలేదు. రెండు విధముల పోటీలు కలవు: ఒకదానిలో కోడె దేహమును పరీక్షింతురు, రెండవదానిలో నడిపించువాని నేర్పును పరీక్షింతురు. రెండవదియే విద్యకు సంబంధించినదని మా అభిప్రాయము. మొదటిదానిలో పెద్దల వెఱ్ఱి చాల కలదు. 1940, 50 ప్రాంతములలో పొట్టిగా, గుండ్రముగా నున్న పశువులే శ్రేష్ఠమని పరీక్షకులు బహుమతులిచ్చిరి. ఆ మోజులో కొన్ని మందలయందు మరుగుజ్జు దూడలు పుట్టజొచ్చెను. మఱి యిరువది ముప్పది యేండ్లకు అదే పరీక్షకవర్గము ఒంటెలవంటి యెత్తుకోడెలను మెచ్చుకొనసాగెను. డెన్వరు నగరమున జనవరిలో జరుగు ప్రదర్శనమునందు ప్రథమబహుమతి పొందిన కోడెను ఒక గొప్ప హోటలు ముందరి హాలులో నిలిపి, దాని చుట్టును కూర్చుండి టీ త్రాగు ఆచారము 1945 నుండి కలదు. హ్యూస్టను నగరమున 2022లో ప్రథమబహుమతి కోడె 10 లక్షల డాలర్లు పలికినది. అందులో పెంచిన బిడ్డకు ముందే నిర్ణయించిన భాగము పోగా మిగిలినది విద్యార్థివేతనములకు పోవును. ఉద్దేశము మంచిదే. కాని ఇంత ధనము కనబడుచోట దొంగత్రోవలు త్రొక్కువారు లేకపోరు. కండ పెరుగుటకై క్లెన్‌బ్యుటరాల్ అను మందును రహస్యముగా పెట్టిన సంగతులు 1990 ప్రాంతములలో బయలుపడగా, గెలిచిన పశువుల మూత్రమును పరీక్షించు నిబంధనలు బిగిసినవి. ఆ మందు మాంసములో నిలిచి తినువారికి హాని చేయును. పిల్లవాని పేరిట పెద్దవాడు చేసిన మోసమది. ఓడుటకంటె అట్టి గెలుపు బిడ్డకు ఎక్కువ చెఱుపు చేయును.

చిన్న ఊళ్లలో వేలము ఇంత ఆర్భాటముగా నుండదు. ఊరి బ్యాంకువారు, ధాన్యపు వర్తకులు, యంత్రముల అంగడివారు బజారుధరకంటె కొంత హెచ్చు పాడి కొందురు. పిల్లవాడు వారికి కృతజ్ఞతతో జాబు వ్రాయవలయును. ఆ సొమ్ము కళాశాల చదువునకై దాచుదురు. కొంత మరుసటి దూడకు ఖర్చగును.

వేలము ముగిసిన రాత్రి కొట్టములలో వినబడునది వేఱు. నిన్నటివఱకు కఱ్ఱ చేతబట్టి ధీరముగా నిలిచిన బిడ్డలు కోడె మెడను కౌగిలించుకొని వెక్కి వెక్కి యేడ్తురు. పదునెనిమిదేండ్ల యువకులు సైతము టోపీని ముందుకు లాగికొని కొట్టము వెనుకకు పోవుదురు. తోకకుచ్చు నుండి కొన్ని వెండ్రుకలు కత్తిరించి దాచుకొనువారు కలరు. తలత్రాడు విప్పి, కోడెను ఇతర కోడెలతో గలిపి, లారీ యెక్కింతురు. అది ఎక్కుటకు మొరాయింపదు. మనుష్యుల వెంట నడచుట దానికి నేర్పియున్నారు గదా.

అచ్చట జరుగునది కూడ దాచకుండ చెప్పవలయును. 1958లో అధ్యక్షుడు ఐసెన్‌హోవరు సంతకము చేసిన చట్టము ననుసరించి, ప్రభుత్వమునకు మాంసమమ్ము కబేళాలలో పశువును ముందు స్మృతిలేకుండ చేసి పిమ్మటనే వధింపవలయును. 1978లో ఈ నియమము ప్రభుత్వ పరీక్ష గల కబేళాలన్నిటికిని వ్యాపించినది. మతాచారముల ననుసరించి జరుగు వధకు ప్రత్యేక నిబంధన కలదు. నుదుటిపై ఒక యంత్రముతో ఇనుపకీలను కొట్టగా పశువు అప్పుడే స్మృతి తప్పును. 1947లో జన్మించిన టెంపుల్ గ్రాండిన్ అను ఆచార్యురాలు పశువుల కంటితో చూచి, వానికి బెదరు కలుగకుండ వంకరగా పోవు నడవలను కల్పించి కబేళాలను చాలవఱకు మార్చెను. వ్రేలాడు గొలుసు, నేలపై మెఱయు నీటిమడుగు, ఆకస్మికముగా వచ్చు వెలుతురు, వీనిని చూచి పశువు నిలిచిపోవునని ఆమె చెప్పినది. ఆమె పశువులను మిక్కిలి ప్రేమించునది. మాంసము తినుట తప్పనలేదు. ఈ రెండును ఒక్క హృదయమున ఇముడునని ఆమె జీవితము చూపుచున్నది. అందఱికిని అట్లు ఇముడునని మేము చెప్పము.

ఏడ్చు బిడ్డకు పెద్దలేమి చెప్పుచున్నారు? ఇదియే మా విచారణ. కొలరాడో విశ్వవిద్యాలయమునకు చెందిన కోల్టర్ ఎల్లిస్, లెస్లీ అర్విన్ అను సమాజశాస్త్రజ్ఞులు 4-హెచ్ పిల్లలతో మాటలాడి 2010లో ఒక వ్యాసము ప్రకటించిరి. పశుపోషణతోపాటు పిల్లలు మఱియొక విద్యను, అనగా ఏ ప్రాణిమీద ఎంత ప్రేమ పెట్టుకొనవచ్చునో, దానిని ఎప్పుడు వెనుకకు తీసికొనవలయునో అను విద్యను పెద్దలవద్ద నేర్చుకొనుచున్నారని వారి సారాంశము. ఇది పెంపుడుకుక్క వంటిది కాదు, అమ్మకపు పశువు అని చెప్పుదురు. అది పుట్టినదే యిందుకని చెప్పుదురు. నీవద్ద నున్నంతకాలము సుఖపడినది గదా యని చెప్పుదురు. మొదటి యేట యేడ్చినవాడు మూడవ యేట ఏడ్వడు. అందఱును వాడు పెద్దవాడయ్యెనని సంతోషింతురు.

మేము ఈ మూడు మాటలలో అబద్ధమేదియు లేదని ఒప్పుకొందుము. మాంసము తినువారి యింట పెరుగు బిడ్డకు ఆ మాంసము ఎచ్చటినుండి వచ్చుచున్నదో తెలియుట మంచిది. అంగడిలో పొట్లము కట్టిన ముక్క తప్ప మఱేమియు నెఱుగని పట్టణపు బిడ్డకంటె, తాను పెట్టిన మేతయు, పశువు తన్ను నమ్మిన నమ్మకమును ఎఱిగిన బిడ్డ ఎక్కువ సత్యవంతుడు. ఆ బిడ్డ అన్నమును పారవేయడు. పశువును ఊరక కొట్టడు. కావున ఈ పద్ధతిని రద్దు చేయవలయునని కేకలువేయు వారితో మేము చేరము.

కాని చెప్పినవి నిజములైనను చెప్పిన సమయమును, ఉద్దేశమును చూడవలయును. కన్నీరు తుడుచుటకు చెప్పు నిజమొకటి, కన్నీరు సిగ్గుపడుటకు చెప్పు నిజము మఱియొకటి. దూడను ఎన్నుకొనిన నాడే, దానికి పేరు పెట్టకముందే, ఇది వచ్చు ఆగస్టులో చచ్చునని తండ్రి కూర్చుండబెట్టి చెప్పినచో అది విద్య. పదిమాసములు రిబ్బనులను గూర్చియు, బహుమతులను గూర్చియు మాత్రమే మాటలాడి, లారీ వచ్చిన రాత్రి 'రైతుబిడ్డవు, ఏడ్వరాదు' అనినచో అది విద్య కాదు. కొందఱు పెద్దలు నవ్వులాటకై దూడకు వంటకముల పేళ్లు పెట్టింతురు. ఇది హృదయమును గట్టిచేయునని వారి తలంపు. మాకది పిఱికితనముగా తోచుచున్నది. చావును గూర్చి బిడ్డతో నిలుకడగా మాటలాడలేనివాడు హాస్యమును అడ్డుపెట్టుకొనును.

మూడవ యేట ఏడ్వనివాడు పెద్దవాడయ్యెనా, లేక యేదైన పోగొట్టుకొనెనా? రెండును సంభవమే. దుఃఖమును మోయుట నేర్చినవానికిని, దుఃఖింపకుండుట నేర్చినవానికిని ముఖము ఒక్కటిగానే యుండును. తరగతిలో ముప్పదిమంది బిడ్డలను ప్రతిదినము చూచు మాకు కూడ వెంటనే భేదము తెలియదు. అందువలన ఏడ్పు మానుటను పరీక్షలో ఉత్తీర్ణతగా ఎంచవలదని మా మనవి.

2022లో కాలిఫోర్నియా రాష్ట్రమున షాస్టా ప్రాంతములో జరిగినది ఈ సందర్భమున చెప్పకుండరాదు. అది కోడె కాదు, మేక. అయినను ఏర్పాటు ఒక్కటియే. తొమ్మిదేండ్ల బాలిక తాను పెంచిన మేకను ప్రదర్శనమునకు తెచ్చి, వేలమునకు ముందు మనసు మార్చుకొనినది. నిబంధన ప్రకారము వెనుకకు ఇచ్చుట లేదనిరి. మేక 902 డాలర్లకు పోయెను. తల్లి దానిని అచ్చటనుండి తోలుకొనిపోయి, నష్టము తాము కట్టుకొందుమని తెలిపినది. ప్రదర్శనమువారికి రావలసినది 63 డాలర్ల చిల్లర మాత్రమే. కొనినవాడు కూడ మేకను వదలుకొనుటకు అడ్డు చెప్పలేదు. అయినను రక్షకభటులు వందలకొలది మైళ్లు ప్రయాణముచేసి ఆ మేకను పట్టి తెచ్చిరి; అది వధింపబడెను. కుటుంబమువారు న్యాయస్థానమున కెక్కగా, 2024లో కౌంటీవారు 3 లక్షల డాలర్లు ఇచ్చుటకు ఒడంబడిరి.

ఒప్పందమును నిలుపుకొనుట పిల్లలకు నేర్పవలదా యని అడుగుదురు. నేర్పవలయును. మా పాఠశాలలలో మేమును నేర్పుచున్నాము. కాని తొమ్మిదేండ్ల బిడ్డ వ్రాలు చేసిన కాగితమును నిలువబెట్టుటకు పోలీసులను పంపిన పెద్దలు నేర్పినది ఒప్పందము కాదు, తమ నియమమునకు చిన్న మినహాయింపు నిచ్చినచో లోకము తలక్రిందులగునను భయము. ఒక్క మేకను విడిచియుండినచో తక్కిన పిల్లలందఱును పశువులను వెనుకకు అడిగియుందురా? అడిగియున్న యెడల, ఆ విద్యను గూర్చి వారే పునరాలోచింపవలసి యుండెడిది.

దూరదేశపు వారిని విమర్శించుట సులభము. మన సంగతి కొంత చూతము. టెక్సాసు ప్రాంతమున ప్రదర్శనములకు వచ్చు కోడెలలో మూపురముగల బ్రాహ్మన్ జాతి సంకరములు కలవు. ఆ జాతికి అమెరికాలో 1924లో సంఘమేర్పడెను. గిర్, గుజరాత్ జాతులతోపాటు మన ఒంగోలు పశువుల రక్తమును అందులో కలిసినది. విదేశములలో దానిని నెల్లూరు పేర నెలోర్ అందురు. కావున హ్యూస్టను కొట్టములో బిడ్డ మెడ కౌగిలించుకొని యేడ్చు కోడెలలో మన గుండ్లకమ్మ గట్టు పశువులకు దూరపు చుట్టములు ఉండకపోవు.

ఆ చుట్టములను మనమెట్లు సాగనంపుచున్నాము? కనుమనాడు ఎద్దుల కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టి, పొంగలి పెట్టుదురు. బండలాగుడు పందెములకు పెంచు గిత్తలకు పెట్టు ఉలవలును గుడ్లును కొన్ని యిండ్ల బిడ్డలకు దొరకవు. అదే రైతు, ఎద్దు ముసలిదై కాడి మోయలేనప్పుడు, సంతకు తోలి దళారి చేతిలో పలుపు పెట్టి వెనుకకు చూడక వచ్చును. అది ఎచ్చటికి పోవునో అడుగడు. ఇంట పిల్లలు అడిగినచో 'వేఱే ఊరి రైతు కొన్నాడు' అని చెప్పును. లేమియే ఇందుకు కారణమని మాకు తెలియును. ముసలి యెద్దును ఊరక మేపుట కలవారికే చెల్లును. అయినను బిడ్డతో ఆడిన అబద్ధము లేమివలన వచ్చినది కాదు. జాతరకై యేడాది ముందు కొన్న పొట్టేలును పిల్లలచేత మేపించి, ఆనాటి ప్రొద్దున వారిని అమ్మమ్మగారింటికి పంపివేయు ఇండ్లను మేమెఱుగుదుము. సాయంకాలము తిరిగివచ్చిన బిడ్డ ఖాళీ గుంజను చూచి, పళ్లెములోని కూరను చూచి, ఏమియు అడుగక లేచిపోవును. అమెరికా బిడ్డ కనీసము లారీ వఱకు తానే నడిపించుకొని పోవును. ఆ ఒక్క విషయమున వారి పద్ధతి మన దానికంటె నిజాయతీ గలది.

మా అభిప్రాయము సూటిగా చెప్పవలెనన్నచో ఇది: దూడను కొనునాడే చావుమాట చెప్పుడు. చివరి రాత్రి పెద్దలెవరైన ఒకరు కొట్టములో బిడ్డ ప్రక్కన మాటలాడక కూర్చుండుడు. చూడగోరిన పిల్లలను, తగిన వయస్సు వచ్చినవారిని, కబేళావఱకు పోనిండు. పోనొల్లని వారిని బలవంతపెట్టకుడు. వేలము సుత్తి పడువఱకు వెనుకకు తీసికొను దారి యొకటి తెఱచి యుంచుడు. ఖర్చు బిడ్డ తన సొమ్ములోనుండి తీర్చవలయునని నియమించుడు, అప్పుడు అది ఆటగా మాఱదు. ఆ దారిని ఎక్కువమంది త్రొక్కరని మేము నమ్ముచున్నాము. దారి కలదని తెలిసి ముందుకు నడచిన బిడ్డ తన పనిని తానే చేసినవాడగును. పలుపు పట్టుకొని లాగబడినవాడు కాడు.

ఏడ్చినవారిలో చాలమంది మఱల అక్టోబరులో క్రొత్త దూడను ఎన్నుకొనుటకు పోవుదురు. కొందఱు పోరు. అట్టివారికై ఆ సంఘములలోనే మఱియొక ఏర్పాటు కలదు. కోడెకు బదులు పెయ్యను పెంచవచ్చును. దానికి కూడ తలత్రాడు, దువ్వెన, కఱ్ఱ, లెక్క పుస్తకము అన్నియు ఉండును. ప్రదర్శనము ముగిసిన రాత్రి అది పిల్లలతోకూడ బండి యెక్కి యింటికి వచ్చును, మరుసటి వసంతమున ఈనును. ఆ ఈనిన దూడ కోడెదూడ యైనచో ఏమి చేయవలయునో ఆ యింటివారు మఱల ఆలోచించుకొందురు.